తెలిసిన చిత్రం, తెలిసిన అంకె

ఖగోళశాస్త్రం చదివే పిల్లలకు కంప్యూటర్లు సిద్ధం చేసి అప్పగించడం నా ఉద్యోగం. రిటైరయ్యాక కూడా వాళ్ల ఫోన్లు ఆగలేదు. "సార్, ఐరాఫ్ ఎక్కడం లేదు" అని మొదలుపెడతారు. కొన్నాళ్లకు అదే పిల్లలు "సార్, ఎక్కింది, కానీ అంకెలు కలవడం లేదు" అంటారు. మొదటిదానికి ఫోన్‌లోనే జవాబు చెప్పొచ్చు. రెండోదాని కోసమే ఈ పాఠాలు రాస్తున్నాను.

టెలిస్కోపు కెమెరా తీసిన ముడి చిత్రాల్లోంచి నక్షత్రాల వెలుగును అంకెలుగా రాబట్టే సాఫ్ట్‌వేర్ ఐరాఫ్. 1981లో అమెరికాలోని కిట్‌పీక్ నేషనల్ అబ్జర్వేటరీ వాళ్లు దీన్ని మొదలుపెట్టారు. దాని నిర్మాణాన్ని ముందుండి నడిపింది డగ్ టోడీ. యునిక్స్ తరహా యంత్రాల మీద నడిచే ఈ సాఫ్ట్‌వేర్‌తోనే దశాబ్దాల పాటు ప్రపంచమంతా పరిశోధన సాగింది. తమిళనాడు కావలూరులోని వైనుబప్పు అబ్జర్వేటరీ చిత్రాలనూ, లద్దాఖ్ హాన్లేలోని హిమాలయన్ చంద్ర టెలిస్కోపు చిత్రాలనూ మన పరిశోధకులు దీనితోనే శుద్ధి చేశారు. అందుకే ఉదాహరణలు ఎక్కువగా ఐరాఫ్ నుంచే ఇస్తున్నాను. మీరు సూక్ష్మదర్శిని చిత్రాల మీద పనిచేస్తున్నా, ఉపగ్రహ చిత్రాల మీద పనిచేస్తున్నా పాఠాలు మారవు.

శాస్త్రంలో సాఫ్ట్‌వేర్ కూడా పరికరమే, దాన్ని ఇన్‌స్టాల్ చేయడం కొలతలో భాగమే. నేను చెప్పదలచింది ఇంతే. దీన్ని మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

1. ముందు పని తేల్చుకోండి

గైడ్ గారు వాడారనో, సీనియర్లు వాడుతున్నారనో సాఫ్ట్‌వేర్ ఎంచుకోకండి. సీసీడీ చిత్రాల్లోంచి బయాస్ (వెలుగు పడకపోయినా కెమెరా ఇచ్చే అంకె) తీసేసి, ఫ్లాట్‌తో (సమానమైన వెలుగులో తీసిన చిత్రంతో) భాగించి, నక్షత్రాల ప్రకాశం కొలవడమే మీ పని అయితే పైథాన్‌లో ఆస్ట్రోపై, సీసీడీప్రాక్, ఫోటుటిల్స్ ఉన్నాయి. ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను వాటినే చూపిస్తాను. మీ విభాగంలో వర్ణపటాల కోసం ఏళ్ల తరబడి నడుస్తున్న ఐరాఫ్ స్క్రిప్టులు ఉంటే, లేదా పాత థీసిస్‌లోని ఫలితాన్ని మళ్లీ రాబట్టి సరిచూడాలంటే, ఐరాఫే కావాలి. పాత ఫలితాన్ని కొత్త సాఫ్ట్‌వేర్‌తో పోల్చినప్పుడు తేడా వస్తే, అది ఆకాశంలోని తేడానో సాఫ్ట్‌వేర్‌లోని తేడానో విడదీయడం కష్టం. రెండూ ఒకే యంత్రంలో ఉంటే ఆ ప్రశ్న ఒక పూటలో తేలుతుంది.

2. యంత్రం ఏదో తెలియకుండా ఫైలు దించుకోకండి

టెర్మినల్ తెరిచి 'యునేమ్ -ఎం' కమాండ్ ఇస్తే మీ ప్రాసెసర్ ఏ జాతిదో చెబుతుంది. ఇంటెల్, ఏఎండీ యంత్రాలది ఒక జాతి. రాస్ప్‌బెరీ పై, ఆపిల్ కొత్త మ్యాక్‌ల చిప్‌లది ఆర్మ్ జాతి. ఒకదాని కోసం కంపైల్ చేసిన ప్రోగ్రామ్ ఇంకోదాని మీద నేరుగా నడవదు.

ఐరాఫ్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. దాని కోడ్‌లో ఎక్కువ భాగం ఎస్‌పీపీ అనే సొంత భాషలో ఉంది. అది ముందు రాట్‌ఫర్‌గా, ఆపైన ఫోర్‌ట్రాన్‌గా, చివరికి సీ భాషగా మారి అప్పుడు కంపైల్ అవుతుంది. ఇంత చేసినా, ఒక చిన్న భాగాన్ని ప్రతి ప్రాసెసర్‌కూ విడిగా అసెంబ్లీలో రాయాలి. కొత్త జాతి చిప్ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చుని ఆ కొద్ది వరుసలు రాస్తేనే మిగతా లక్షల వరుసలకు ప్రాణం వస్తుంది.

32 బిట్లు, 64 బిట్ల సంగతి కూడా చూసుకోండి. 64 బిట్ల లినక్స్ మీద పాత 32 బిట్ల ప్రోగ్రామ్‌ను నడపబోతే "అలాంటి ఫైలు లేదు" అని జవాబు వస్తుంది. ఫైలు మాత్రం అక్కడే కనిపిస్తూ ఉంటుంది. దొరకనిది ఆ ఫైలు కాదు, దాన్ని మెమరీలోకి తెచ్చే 32 బిట్ల లోడర్. 'ఫైల్' అనే కమాండ్‌తో ఆ ప్రోగ్రామ్‌ను పరీక్షిస్తే అది ఎన్ని బిట్లదో, ఏ చిప్‌దో చెప్పేస్తుంది. 2019లో వచ్చిన మ్యాక్ కాటలీనాలో ఆపిల్ 32 బిట్ల ప్రోగ్రాములను పూర్తిగా ఆపేసింది. అప్‌డేట్ నొక్కి పడుకున్నవాళ్లకు తెల్లారేసరికి పాత ఐరాఫ్ లేదు. థీసిస్ సగంలో ఉండగా ఆపరేటింగ్ సిస్టమ్ మార్చకండి.

3. సూచనల తేదీ చూడండి

ఐరాఫ్‌ను పుట్టించిన అబ్జర్వేటరీ వైపు నుంచి వచ్చిన పాత విడుదల 2.16.1. అది 2013 నాటిది. ఆ తర్వాత బాధ్యతను స్వచ్ఛందంగా తలకెత్తుకున్న ఖగోళజ్ఞులు, ప్రోగ్రామర్లు 2022లో 2.17 విడుదల చేశారు. మీ విభాగం అల్మరాలో ఉన్న జిరాక్సు కాగితాలు ఏ కాలానివో ముందు చూసుకోండి. ఐరాఫ్ పేరుతో విడిగా యూజర్‌ను సృష్టించమనీ, రూట్‌గా లాగిన్ అవ్వమనీ, సీ షెల్ తప్పనిసరనీ చెప్పే సూచనలు చాలావరకు పాతవి. వాటిని రాసినవాళ్లు తమ కాలానికి సరిగ్గానే రాశారు. వాళ్ల శ్రమ మీకు ఉపయోగపడాలంటే మీ వెర్షన్‌తో పాటు వచ్చిన రీడ్‌మీ ఫైలును మొదటి నుంచి చివరిదాకా చదివి, ఏది మారిందో గుర్తించాలి. కమాండ్లు టైపు చేయడం ఆ తర్వాతి పని.

4. ప్యాకేజీ దొరికితే ప్యాకేజీయే మేలు

డెబియన్, ఉబుంటుల్లో ఐరాఫ్ ప్యాకేజీగానే దొరుకుతుంది. 'ఆప్ట్'తో ఒక్క వరుసలో పని అయిపోతుంది. అది ఆధారపడే లైబ్రరీలన్నీ దానితోపాటే వస్తాయి, తీసేయాలంటే శుభ్రంగా పోతుంది. సొంతంగా కంపైల్ చేస్తేనే గొప్ప అన్న భావం కుర్రాళ్లలో కనిపిస్తుంది. కంపైల్ చేయడం నేర్చుకోవలసిందే, కానీ అవసరం వచ్చినప్పుడు చేయాలి.

ఆ అవసరం వస్తే కొన్ని నియమాలు పాటించండి. దించుకున్న ఫైలుకు ప్రచురించిన షా-256 సంఖ్య ఉంటే ముందు దాన్ని సరిపోల్చండి. నెట్ మధ్యలో తెగి సగం దిగిన ఫైలు చాలాసార్లు చివరి దశదాకా నోరు విప్పదు. ఇన్‌స్టాల్ చేసే చోటును మీ హోమ్ డైరెక్టరీలోనో, యూఎస్‌ఆర్ లోకల్‌లోనో విడిగా పెట్టండి. సిస్టమ్ సొంత ఫైళ్ల మధ్యకు మీ ఫైళ్లు చొరబడకూడదు. సిస్టమ్ తన పనులకు వాడుకునే పైథాన్‌లో ఏదీ కలపకండి, తీయకండి. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ ముందు 'సుడో' తగిలించి చూడటం ప్రమాదకరమైన అలవాటు. అనుమతి లేదని కంప్యూటర్ అన్నప్పుడు ఎందుకు లేదో తెలుసుకోవడం సగం పరిష్కారం.

5. మొదటి ఎర్రర్ చదవండి

పిల్లలు నాకు పంపే స్క్రీన్‌షాట్లలో ఎప్పుడూ చివరి వరుసే ఉంటుంది. 'మేక్' ఆగిపోయిందని, ఎర్రర్ 2 అని. ఆ వరుస పని ఆగిందని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. కారణం పైన ఎక్కడో ఉంటుంది. కాబట్టి కంపైల్ నడిచినంతసేపూ వచ్చే మాటలన్నిటినీ ఒక ఫైల్లోకి మళ్లించి, ఆ ఫైలును పైనుంచి చదువుతూ 'ఎర్రర్' అన్న మాట మొదట ఎక్కడ వచ్చిందో పట్టుకోండి. కింద ఉన్న నలభై ఎర్రర్లు చాలాసార్లు ఆ ఒక్కదాని సంతానమే.

ఎక్కువగా కనిపించే కారణం హెడర్ ఫైలు లేకపోవడం. లైబ్రరీ ఉన్నా, దానితో కంపైల్ చేయడానికి కావలసిన హెడర్లు 'డెవ్' అన్న తోకతో వేరే ప్యాకేజీలో ఉంటాయి. అది ఎక్కిస్తే దారి తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ అయ్యాక ప్రోగ్రామ్ తెరుచుకోకపోతే 'ఎల్‌డీడీ' కమాండ్ ఇవ్వండి. అది ఏయే లైబ్రరీలు కావాలో, వాటిలో ఏది దొరకలేదో జాబితా ఇస్తుంది.

ఇక్కడ ఒక అడ్డదారి ప్రచారంలో ఉంది. కావలసిన వెర్షన్ లైబ్రరీ లేకపోతే, ఉన్న వెర్షన్‌కే ఆ పేరుతో లింకు పెట్టడం. ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, మనసు కుదుటపడుతుంది. కానీ రెండు వెర్షన్ల మధ్య ఒక ఫంక్షన్ తీరు మారి ఉంటే అది కుప్పకూలవచ్చు, లేదా చడీచప్పుడు లేకుండా తప్పుడు అంకె ఇవ్వవచ్చు. కుప్పకూలితే కనీసం మీకు తెలుస్తుంది. శాస్త్రానికి వాడే యంత్రంలో ఈ అడ్డదారి తొక్కకండి.

6. ఏది నడుస్తోందో, ఏ సెట్టింగుతో నడుస్తోందో తెలిసి ఉండాలి

ఒకే యంత్రంలో ఒకే సాఫ్ట్‌వేర్ రెండు మూడు చోట్ల ఉండటం మామూలే. ఆప్ట్‌తో ఒకటి, కాండాతో ఒకటి, ఎవరో సీనియర్ వదిలి వెళ్లినది ఇంకొకటి. పేరు టైపు చేస్తే పాత్‌లో ముందు దొరికినది నడుస్తుంది. 'విచ్' కమాండ్‌తో అది ఏదో చూడండి. పైథాన్ అయితే ఒక్కో పనికి ఒక్కో ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, అందులోని ప్యాకేజీల వెర్షన్ల జాబితాను ఫైలుగా దాచండి.

ఐరాఫ్‌లో ఇంకో లోతు ఉంది. ఒక టాస్క్‌లో మీరు మార్చిన పారామీటర్లు యూపార్మ్ అనే డైరెక్టరీలో నిలిచిపోతాయి. నక్షత్రం చుట్టూ గీసే వలయం వ్యాసార్థం పోయిన నెల మార్చి ఉంటే ఈ నెలా అదే ఉంటుంది. పక్కన కూర్చున్న స్నేహితుడు అదే చిత్రం మీద అదే కమాండ్ ఇస్తే వేరే జవాబు వస్తుంది. కొత్త పని మొదలుపెట్టేటప్పుడు 'అన్‌లెర్న్' ఇచ్చి ఆ టాస్క్‌ను మొదటి స్థితికి తెచ్చుకోండి. కావలసిన విలువలన్నిటినీ స్క్రిప్టులోనే స్పష్టంగా రాయండి. అలా చేస్తే గుర్తుపెట్టుకునే భారం మీది కాదు, స్క్రిప్టుది అవుతుంది.

7. తెరమీద కనిపించేది కొలత కాదు

ఐరాఫ్ తానుగా చిత్రాన్ని చూపించదు. డీఎస్9 లాంటి వేరే ప్రోగ్రామ్‌కు పంపిస్తుంది. అందుకే ముందు డీఎస్9 తెరిచి, తర్వాత ఐరాఫ్‌లో 'డిస్‌ప్లే' ఇవ్వాలి. చిత్రంలో నడిమి ముక్క మాత్రమే కనిపిస్తే కెమెరాను అనుమానించకండి. ఐరాఫ్‌లో స్టాండర్డ్ ఇమేజ్ సైజు చిన్నదిగా ఉండి ఉంటుంది. దాన్ని 2048కో 4096కో మార్చితే మొత్తం కనిపిస్తుంది.

చిత్రం నల్లగా ఉందా, తెల్లగా పాలిపోయిందా అన్నది కూడా ఎంచుకున్న హద్దులను బట్టే ఉంటుంది. జీస్కేల్ పద్ధతి ఆకాశపు మధ్య విలువకు దగ్గరి అంకెలనే నలుపు తెలుపుల మధ్య పరుస్తుంది. దాంతో మసక నీహారిక బాగా కనబడుతుంది, ప్రకాశవంతమైన నక్షత్రాలన్నీ ఒకే తెలుపులో కలిసిపోతాయి. వాటిలో ఏది సాచురేట్ అయిందో కంటికి తెలియదు. తెర మీద చిత్రం బాగుందంటే చూపించే దారి పనిచేస్తోందని మాత్రమే అర్థం.

8. తెలిసిన చిత్రంతో తెలిసిన అంకె రాబట్టండి

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇది. ప్రోగ్రామ్ తెరుచుకోగానే ఇన్‌స్టాల్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అప్పటికి సగమే అయింది.

ఐరాఫ్‌ను కట్టినవాళ్లు ఈ అవసరాన్ని ముందే గుర్తించి, సాఫ్ట్‌వేర్‌తో పాటు ఒక చిత్రాన్ని కూడా పెట్టారు. దాని పేరు డెవ్ డాలర్ పిక్స్. వర్ల్‌పూల్ గెలాక్సీ అని పిలిచే ఎం 51 చిత్రం అది. అడ్డం 512, నిలువు 512 పిక్సెళ్లు. ప్రపంచంలో ఏ ఐరాఫ్ తెరిచినా అదే చిత్రం ఉంటుంది. 'ఇమ్‌స్టాట్' ఇవ్వండి. పిక్సెళ్లు 262144, సగటు 108.3, ప్రామాణిక విచలనం 131.3, కనిష్ఠం -1, గరిష్ఠం 19936 రావాలి. 'డిస్‌ప్లే' ఇస్తే హద్దులు 35, సుమారు 346 అని చూపాలి. ఈ అంకెలు వస్తే మీ యంత్రం, మీ కంపైలర్, మీ లైబ్రరీలు కలిసి కనీసం ఇంతవరకు నిజం చెబుతున్నాయని అర్థం. రాకపోతే మీ సొంత చిత్రాన్ని ముట్టుకోకండి.

దీనికి తోడు ఇంకో రెండు పరీక్షలు చేయిస్తాను. ఒక ఫ్లాట్ చిత్రాన్ని దానితోనే భాగించమంటాను. సున్నా పిక్సెళ్లు లేకపోతే ప్రతి చోటా 1 రావాలి. ఎక్కడైనా రాకపోతే ఆ పిక్సెళ్ల దగ్గరికి వెళ్లి ఎందుకో చూడాలి. తర్వాత ఆర్ట్‌డేటా అనే ప్యాకేజీతో కృత్రిమ నక్షత్రాల చిత్రం చేయమంటాను. ఏ నక్షత్రానికి ఎంత ప్రకాశం ఇచ్చామో మనకు తెలుసు. దానికి నాయిస్ కలిపి, మీ పద్ధతిలో కొలిచి, ఇచ్చిన ప్రకాశం తిరిగి వచ్చిందో లేదో చూడండి. ఆకాశం తన అసలు జవాబును ఎన్నడూ చెప్పదు. జవాబు ముందే తెలిసిన చోట నెగ్గిన పద్ధతినే తెలియని చోట నమ్మగలం.

9. ఫైలు లోపల ఏముందో నేర్చుకోండి

ఖగోళ చిత్రాలు ఫిట్స్ రూపంలో ఉంటాయి. దాని వివరణ 1981లో ప్రచురితమైంది, 1982లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఆమోదించింది. అప్పటి ఫైలు ఇవాళ కూడా తెరుచుకోవాలన్నది ఆ ప్రమాణం పట్టుకున్న నియమం. ఫైలు 2880 బైట్ల దిమ్మలుగా ఉంటుంది. హెడర్‌లో ఒక్కో వరుస 80 అక్షరాలు, దిమ్మకు 36 వరుసలు. కాబట్టి ఏ ఫిట్స్ ఫైలు సైజునైనా 2880తో భాగిస్తే శేషం మిగలకూడదు. మిగిలితే కాపీ మధ్యలో తెగిందేమో చూడండి.

ఫిట్స్‌లో 16 బిట్ల పూర్ణాంకాలు -32768 నుంచి 32767 దాకానే ఉంటాయి. కెమెరా ఇచ్చేది 0 నుంచి 65535 దాకా. అందుకని ప్రతి విలువలోంచి 32768 తీసేసి దాస్తారు, ఆ సంగతిని హెడర్‌లో బీజీరో దగ్గర రాస్తారు. ఆ వరుసను పట్టించుకోని ప్రోగ్రామ్‌తో తెరిస్తే ఆకాశమంతా రుణ సంఖ్యలుగా కనిపిస్తుంది. పైథాన్‌లో ఇంకో గండం ఉంది. ధన, రుణ గుర్తు లేని 16 బిట్ల సంఖ్యలుగానే ఉంచి 100లోంచి 105 తీసేస్తే -5 రాదు, 65531 వస్తుంది. మసక ఆకాశంలోంచి బయాస్ తీసేస్తే ఉన్నట్టుండి మెరిసే పిక్సెళ్లు పుడతాయి. లెక్క మొదలుపెట్టేముందు దశాంశ సంఖ్యలుగా మార్చుకోండి. ఫిట్స్‌లో, ఐరాఫ్‌లో మొదటి పిక్సెల్ సంఖ్య 1, పైథాన్‌లో 0 అన్నది కూడా మరవకండి. నక్షత్రాల స్థానాలను ఒకదాన్నుంచి ఇంకోదానికి తీసుకెళ్లేటప్పుడు ఆ ఒక్క పిక్సెల్ తేడా మీ ఫలితంలోకి జారుతుంది.

10. రాసి పెట్టండి

మన హైదరాబాదు చరిత్రలోంచి ఒక సంగతి చెబుతాను. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా అబ్జర్వేటరీ, ఆకాశం మొత్తాన్ని ఫొటో ప్లేట్ల మీద నమోదు చేసే అంతర్జాతీయ పథకంలో పాలుపంచుకుంది. దక్షిణ ఆకాశంలో 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ ఈ అబ్జర్వేటరీ వంతు. ప్లేట్లను ఫొటో తీసి, ఒక్కో నక్షత్రం స్థానాన్ని చేత్తో కొలిచి, పట్టికలుగా అచ్చువేశారు. శతాబ్దం చివర యూరప్ వాళ్ల హిప్పార్కస్ ఉపగ్రహం చూసిన స్థానాలను ఆ పథకం పాత స్థానాలతోనూ ఇతర పాత కేటలాగ్‌లతోనూ పోల్చి, సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలను లెక్కగట్టారు. 2000లో వెలువడిన టైకో-2 కేటలాగ్ అదే. హైదరాబాదులో కొలిచిన మనుషులు అప్పటికి లేరు. ఏ ప్లేటు, ఏ తేదీ, ఏ పద్ధతి అన్న రాత ఉంది కాబట్టే వాళ్ల కొలత బతికింది.

మీరూ అలాగే రాయండి. ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, వెర్షన్. సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఎక్కడి నుంచి తెచ్చారో, దాని షా సంఖ్య. ఇచ్చిన కమాండ్లు వరుసగా. వచ్చిన ఎర్రర్, దాన్ని దాటిన విధం. డెవ్ డాలర్ పిక్స్ మీద వచ్చిన అంకెలు. మామూలు టెక్స్ట్ ఫైలు చాలు, అది ఏ కాలంలోనైనా తెరుచుకుంటుంది. థీసిస్‌లోనూ పేపర్‌లోనూ సాఫ్ట్‌వేర్ పేరు పక్కన వెర్షన్ తప్పక రాయండి.

11. మీ రాతతో ఇంకొకరి చేత ఎక్కించండి

రాసింది సరిపోతుందో లేదో తేలేది రాసినవాళ్ల దగ్గర కాదు. ఖాళీ యంత్రం ముందు మీ జూనియర్‌ను కూర్చోబెట్టి ఆ కాగితం ఇవ్వండి. నోటితో ఏమీ చెప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ కాగితంలో ఒక వరుస తక్కువైందని అర్థం. ఆ వరుస చేర్చండి. చివర వాళ్ల తెరమీద కూడా 108.3, 131.3 వచ్చాక ఆ కాగితాన్ని విభాగానికి అప్పగించండి.

దాటలేని లోపం సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని తేలితే దాన్ని నిర్వహిస్తున్న వాళ్లకు పూర్తి వివరాలతో తెలియజేయండి. ఐరాఫ్ 2013 తర్వాత కూడా నడుస్తోందంటే కారణం జీతం లేకుండా దాని లోపాలు సరిదిద్దుతున్న మనుషులు. కొత్త చిప్‌లకు కావలసిన వరుసలు రాసింది, లైసెన్సు కుదరని కోడ్ తీసి స్వేచ్ఛగా పంచుకోగల కోడ్ పెట్టింది వాళ్లే. తెలుగునాట మంచి ప్రోగ్రామర్లకు కొదవ లేదు. ఖగోళం, వైద్యం, వ్యవసాయం, ఉపగ్రహ చిత్రాలు, ఏ రంగంలో చూసినా ఇలాంటి ఉమ్మడి సాఫ్ట్‌వేర్లకు చేతులు తక్కువగా ఉన్నాయి. ఒక ఎర్రర్‌ను మీరు దాటారంటే ఆ దారి మీ ఒక్కరిదే కాకూడదు. ఈ వారమే మీ విభాగంలోని ఒక యంత్రం తీసుకోండి, తెలిసిన చిత్రంతో పరీక్షించండి, వచ్చిన అంకెలు తేదీతో సహా రాసి మీ జూనియర్ చేతిలో పెట్టండి.